ఇంకో జత తగిలించొచ్చా, మావా?

హాల్లో ఒక జత స్పీకర్లు, వరండాలో ఒక జత, మేడ మీద మరో జత. అన్నిటికీ కలిపి యాంప్లిఫయరు ఒక్కటే. పాట మొదలవుతుంది, కాసేపటికి 'టక్'మని ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో ఊళ్లో మైకుసెట్టు కట్టేవాళ్లకు ఎప్పుడో తెలుసు.

భోగిమంట ఇంకా పూర్తిగా ఆరలేదు. పిడకల వాసన వీధంతా పట్టేసింది. హాల్లో పాత పాట, వరండాలో అదే పాట, మేడ మీద పిల్లల దగ్గరా అదే పాట. నాకేమో లోపల్లోపల గర్వం. ముందురోజు రాత్రి పదకొండు దాకా నిచ్చెన ఎక్కుతూ దిగుతూ, కిటికీ సందుల్లోంచి వైర్లు లాగి, మూడు జతల స్పీకర్ల కొసలన్నీ ఒకే యాంప్లిఫయరు వెనక మెలిపెట్టి బిగించినవాణ్ని నేనే. ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా పాడాయి. ఆ తర్వాత పెట్టె లోపల 'టక్' అని చిన్న చప్పుడు. మూడు చోట్లా ఒకేసారి నిశ్శబ్దం. ఆ ఖాళీలోకి సముద్రం హోరు వచ్చి కూర్చుంది.

మా ఊరు కళింగపట్నం పేరు చాలామంది తెలుగువాళ్లు కంటితో చూడకముందే చెవితో విన్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే రేడియో వార్తల్లో రేవుల పేర్లు వరసగా వచ్చేవి: కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ప్రమాద హెచ్చరికల్లో ఆ పూట ఏ నంబరు ఎగరేశారో చెప్పేవారు. ఓడలు రావడం ఎప్పుడో మానేశాయి గానీ రేవు పేరు మాత్రం అలా గాలిలో బతికిపోయింది. వంశధార సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం, తీరం వెంట సరుగుడు చెట్లు, ఇవన్నీ వచ్చి చూసినవాళ్లకు. రానివాళ్లకు మాది స్పీకరులో వినిపించే ఊరు. అలాంటి ఊళ్లో పండగపూట నా స్పీకర్లు మూగబోవడం నామోషీ కాక మరేమిటి!

కట్టేసి, కాసేపాగి మళ్లీ వేస్తే పాడింది. ఐదు నిమిషాలకు మళ్లీ 'టక్'. మూడోసారి ఆగాక మూత మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది. దాని మీద అమ్మ ముచ్చటపడి పరిచిన అల్లిక గుడ్డ, ఆ గుడ్డ మీద ఒక పూలకుండీ. గాలి ఆడాల్సిన చిల్లులన్నీ ఆ గుడ్డ కిందే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకాయన వచ్చారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, అమ్మవారి సంబరాలకు మైకుసెట్టు కట్టేవారు. ఇప్పుడా పని కొడుకు చూసుకుంటున్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా మా ఇంటిల్లిపాదికీ ఆయన మావే. యాంప్లిఫయరును వెనక్కి తిప్పి, ఒక్కో బిగింపులో మూడేసి వైర్లు కుక్కి ఉండటం చూసి నవ్వారు.

"ఏటి బావూ, మూడు జతలూ ఒక్క మిషనుకే తగిలించేసినావేటి?"

"అన్నీ ఎనిమిది ఓములే కదా మావా. యాంప్లిఫయరు మీద కూడా ఎనిమిదనే ఉంది."

"ఎనిమిదులు మూడు కలిపితే ఎంతయిపోద్దనుకున్నావు? ఇరవై నాలుగా?"

నిజం చెప్పొద్దూ, నేను అలాగే అనుకున్నాను.

మదుముల లెక్క

ఈ విషయం మీద ఆ తర్వాత నేను చాలానే చదివాను. మావ చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేదు. "చెరువు గట్టుకి మదుముంటాది కదా. మదుం ఇరుకైతే నీరు సన్నంగా పోద్ది. వెడల్పైతే దబదబా పోద్ది. ఎనిమిది ఓములంటే ఓ మోస్తరు మదుం. నాలుగంటే దానికి రెండింతల వెడల్పు. నువ్వు ఒక మదుం పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి తీసేసినావు. అడ్డు పెరిగిందా, తగ్గిందా?"

తగ్గింది. స్పీకరు వెనక రాసే ఓములు అది కరెంటుకు ఎంత అడ్డం నిలబడుతుందో చెప్పే అంకె. పక్కపక్కన కలిపిన కొద్దీ కరెంటుకు దారులు ఎక్కువవుతాయి, మొత్తం అడ్డు తగ్గిపోతుంది. ఎనిమిది ఓముల స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 4 ఓములు. మూడైతే 2.67. నాలుగైతే 2. జర్మనీలో జార్జ్ సైమన్ ఓమ్ అనే బడిపంతులు 1827లో అచ్చువేయించిన సూత్రమే ఈ లెక్కకు మూలం. ఆయన పేరే ఇవాళ ప్రతి స్పీకరు వీపు మీదా ఉంది.

అడ్డు తగ్గితే నష్టమేమిటి, పాట గట్టిగా వస్తుంది కదా అని నేను అడిగాను. దీనికి కాస్త లెక్క వేసుకోవాలి. ఒక్కో వైపు 50 వాట్లు ఇచ్చే యాంప్లిఫయరు ఉందనుకోండి. ఎనిమిది ఓముల స్పీకరుకు ఆ 50 వాట్లు అందాలంటే దాని కొసల మధ్య 20 వోల్టులు నిలబెట్టాలి. రెండున్నర ఆంపియర్ల కరెంటు పారుతుంది. పక్కన ఇంకోటి కలిపితే వోల్టులు అవే 20, కరెంటు మాత్రం 5 ఆంపియర్లు. మూడోది కలిపితే ఏడున్నర. నాలుగోది కలిపితే 10. కాగితం మీద 50 వాట్లు కాస్తా 200 అయ్యాయి. పెట్టె లోపలి ట్రాన్స్‌ఫార్మరు, ట్రాన్సిస్టర్లు మాత్రం కొన్నప్పటివే. కాలవలు ఎన్ని తవ్వినా వంశధార మీది గొట్టా బ్యారేజీలో ఉన్న నీళ్లే కదా వాటిలోకి రావాలి.

పైగా ఆ కరెంటంతా స్పీకరుకు చేరేముందు ట్రాన్సిస్టర్ల గుండా పోవాలి. అవి తమ వంతుగా వేడెక్కుతాయి. అడ్డు సగానికి తగ్గితే అదే వాల్యూములో ఆ వేడి సుమారు రెట్టింపు. ఇక్కడో విచిత్రం ఉంది. ఇళ్లల్లో ఉండే మామూలు రకం యాంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్లు గరిష్ఠంగా వేడెక్కేది వాల్యూము పూర్తిగా పెంచినప్పుడు కాదు, దానికి కొంత తక్కువలో ఉన్నప్పుడే. "మేమేం ఫుల్లుగా పెట్టలేదండీ, మధ్యస్థంగానే పెట్టాం" అని రిపేరు దుకాణంలో చెప్పుకునేవాళ్లు తమకు తెలియకుండానే జబ్బు పేరు చెబుతుంటారు.

ఆ 'టక్' చప్పుడు లోపలి రిలేది. కరెంటో వేడో హద్దు దాటిందని పసిగట్టి స్పీకర్లను తెంచేస్తుంది. అంటే నా యాంప్లిఫయరు మూడుసార్లు తన ప్రాణం తానే కాపాడుకుంది, నేను మూడుసార్లూ దాన్ని మళ్లీ లేపి పొయ్యి మీద కూర్చోబెట్టాను. 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు కొని, రేకు డబ్బాలో బిగించి ఊళ్లలో సొంతంగా కట్టుకున్న పాత యాంప్లిఫయర్లలో చాలావాటికి ఇలాంటి కాపలా ఉండేది కాదు. ఉన్నది ఫ్యూజు ఒక్కటే. అది కూడా మాటిమాటికీ పోతోందని ఎవరో ఒకరు అందులో రాగితీగ చుట్టేసేవారు. అలాంటిది చచ్చిపోతూ ఒక్కోసారి స్పీకరు కాయిల్‌ను కూడా వెంట తీసుకుపోతుంది.

స్పీకరు మీద రాసిన ఎనిమిదిని కూడా మరీ నమ్మకూడదు. మావ మీటరు పెట్టి చూపించారు: ఆరు పైచిలుకు. అదేం మోసం కాదు. మీటరు చూపించేది లోపలి రాగిచుట్ట అడ్డు మాత్రమే. పాట నడిచేటప్పుడు ఆ అడ్డు ఒక్కో స్వరానికి ఒక్కోలా ఉంటుంది, ఒకచోట ఇరవై దాటుతుంది, ఇంకోచోట ఆరున్నరకు దిగుతుంది. ఎనిమిది అని రాసుకున్నది 6.4 కంటే కిందికి దిగకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. దిగేవీ ఉన్నాయి. అందుకే రెండు 'ఎనిమిది'లను కలిపి నాలుగు అనుకున్నచోట, యాంప్లిఫయరు ఎదుర్కొనేది కొన్ని స్వరాల దగ్గర మూడుకు దగ్గరగా ఉంటుంది.

వెనకవైపు రాతలు

యాంప్లిఫయరు వెనక ఏ, బీ అని రెండు వరసల బిగింపులు ఉంటాయి, ముందువైపు ఏ, బీ, ఏ+బీ అనే మీట. రెండు వరసలు ఉన్నాయంటే లోపల రెండు యాంప్లిఫయర్లు ఉన్నట్టే అనుకుంటాం. లేవు. మీటను ఏ+బీ దగ్గర పెట్టడం, చేత్తో వైర్లు మెలిపెట్టడం చాలా పెట్టెల్లో ఒక్కటే. ఆ బిగింపుల పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి రాసి ఉంటుంది: ఏ గానీ బీ గానీ ఒక్కటే వాడితే 4 ఓముల నుంచి, రెండూ కలిపితే ఒక్కోటి 8 ఓముల నుంచి. అంటే ఆ యాంప్లిఫయరు తట్టుకునేది ఎటు చూసినా నాలుగే. నా దానిపైనా సరిగ్గా అదే రాసి ఉంది. కళ్లజోడు పెట్టుకుని వెనక్కి వంగి చదివి ఉంటే పండగపూట మావను లేపాల్సిన పని ఉండేది కాదు.

కొన్ని కంపెనీలు ఈ గొడవంతా ఎందుకని ఏ+బీలో రెండు జతలను ఒకదాని వెనక ఒకటిగా, సిరీస్‌లో కలిపేస్తాయి. పండగకు గుమ్మానికి కట్టే సీరియల్ బల్బుల తీరు. అడ్డు 16 అవుతుంది, యాంప్లిఫయరు చల్లగా ఉంటుంది. కాకపోతే అదే 20 వోల్టులను ఇద్దరూ పంచుకోవాలి, ఒక్కోదానికి దక్కేది పన్నెండున్నర వాట్లే. ఒక వైరు ఊడితే రెండూ మూగబోతాయి. రెండూ ఒకే రకం స్పీకర్లయితే ఫరవాలేదు; వేర్వేరు రకాలైతే ఒకదాని గుణం ఇంకోదానికి అంటుకుని రెండింటి గొంతూ మారిపోతుంది. ఒకే రకం స్పీకర్లు వైపుకు నాలుగు ఉన్నవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. రెండేసి వెనకావెనకా కలిపి, అలా వచ్చిన రెండు వరసలను పక్కపక్కన కలిపితే మొత్తం అడ్డు మళ్లీ ఎనిమిదే వస్తుంది. మైకుసెట్టు వాళ్లు దీన్ని నిద్రలో కూడా కట్టగలరు.

బజారులో సెలెక్టరు పెట్టెలని దొరుకుతాయి. ఒక మీటకు ఒక జత. వీటిలో చవకవి వట్టి మీటలే. అన్నీ ఒకేసారి నొక్కితే నేను చేసిన పనే అవీ చేస్తాయి. కొన్నిటిలో అడ్డుగా రెసిస్టర్లు పెడతారు. యాంప్లిఫయరు బతుకుతుంది గానీ సగం పాట ఆ రెసిస్టర్లలో వేడిగా మారిపోతుంది, తబలా దెబ్బలో బిగువు పోతుంది. ఒక్కో గదికి చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో వాల్యూము మీట బిగించే పద్ధతి వీటన్నిటికంటే నయం, ఖర్చూ దానికి తగ్గట్టే.

ఒక్క పని మాత్రం చేయొద్దని మావ వేలు చూపించి మరీ చెప్పారు. వైరు మిగుల్చుకుందామని ఎడమ, కుడి స్పీకర్ల నల్ల వైర్లను కలిపి ఒకటే లాగడం. పాతకాలం యాంప్లిఫయర్లలో చాలావాటిలో నల్ల బిగింపులు రెండూ లోపల ఒకే చోట కలిసి ఉండేవి కాబట్టి సాగిపోయేది. ఇప్పటి చిన్న బోర్డుల్లో, కారు యాంప్లిఫయర్లలో ఎర్రదీ నల్లదీ రెండూ ప్రాణమున్న కొసలే కావచ్చు. కలిపితే బోర్డు బూడిదే. రెండు యాంప్లిఫయర్ల స్పీకరు కొసలను ఒకదానికొకటి తగిలించడం అంతకంటే పెద్ద ఘోరం. దాని గురించి మావ మాట్లాడను కూడా మాట్లాడలేదు, తల అడ్డంగా ఊపారంతే.

ఊరంతటికీ ఒకే మిషను

మరైతే గుడి దగ్గర గదిలో ఒకే యాంప్లిఫయరు పెట్టుకుని, చివరి వీధి దాకా పది పదిహేను హారన్లు ఎలా మోగిస్తారు? ఈ ప్రశ్నకు మావ ముఖంలో వెలుగొచ్చింది.

హారన్ల వెనక ఉండే యూనిట్లు చాలావరకు 16 ఓములవి. రెండు కలిపితే ఎనిమిది, నాలుగు కలిపితే నాలుగు. పందిరికి నాలుగు హారన్లు కట్టేదాకా ఈ లెక్కతో నడిచిపోతుంది. ఊరంతా కట్టాలంటే నడవదు. అందుకే మైకుసెట్టు యాంప్లిఫయరు వెనక 4, 8, 16 ఓములతో పాటు 70 వోల్టులు, 100 వోల్టులు అని ఇంకో రెండు బిగింపులు ఉంటాయి. అహూజా పెట్టె ఏదైనా దొరికితే వెనక్కి తిప్పి చూడండి. కరెంటు ఆఫీసు వాళ్లు దూరాలకు తీగలాగేటప్పుడు వోల్టులు పెంచి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పెట్టి తగ్గించినట్టే ఇదీ. యాంప్లిఫయరు పాటను 100 వోల్టులకు ఎత్తి పంపుతుంది. ప్రతి హారను దగ్గరా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు దాన్ని దించుకుంటుంది. అప్పుడిక ఓముల గొడవ లేదు, వాట్లు కూడితే చాలు. 15 వాట్ల హారన్లు పది కడితే 150 వాట్లు. యాంప్లిఫయరు అంతకంటే కాస్త పెద్దదై ఉండాలి. ఆ 150 వాట్లకు 100 వోల్టుల లైనులో పారేది ఒకటిన్నర ఆంపియరు. అదే నాలుగు ఓముల పద్ధతిలో అయితే ఆరు దాటేది, సన్నవైరు దారిలోనే పాటను మింగేసేది.

ఈ లైను పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకోవచ్చా అంటే తెచ్చుకోవచ్చు. దుకాణాల్లో, ఆస్పత్రుల్లో, హోటళ్లలో సీలింగుకు ఉండే గుండ్రటి స్పీకర్లు చాలావరకు ఇలాంటివే. కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మంద్రస్వరాలను సరిగా దాటించలేవు. మాటకు, నాదస్వరానికి సరిపోతాయి, మృదంగానికి చాలవు. ఇంటి స్పీకరును నేరుగా 100 వోల్టుల బిగింపుకు తగిలిస్తే ఏమవుతుందో రాయనక్కర్లేదు.

హారను చరిత్రలో మనవాళ్లకు తెలియాల్సిన పేరు ఒకటుంది. 1915లో అమెరికాలో నాపా అనే ఊళ్లో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు తమ స్పీకరుకు మ్యాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. ఇంటి స్పీకర్లలో ఇవాళ్టికీ నడుస్తున్న కాగితపు గరాటు, రాగిచుట్ట పద్ధతిని 1925లో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు ఒక దారికి తెచ్చారు. నేను చెప్పదలచిన పేరు వీళ్లది కాదు. నానిక్ మోట్వానీ. స్వాతంత్ర్య పోరాట కాలంలో కాంగ్రెసు సభలకు హారన్లు కట్టించినాయన. వాళ్ల కంపెనీ పేరు షికాగో రేడియో. ఆ రోజుల ఫొటోల్లో గాంధీ, నెహ్రూల ముందు నిలబడ్డ మైకు మీద ఆ పేరు చూడొచ్చు. లక్షల మందికి ఒక బక్కపలచటి మనిషి గొంతు చేరిందంటే దాని వెనక ఇలాంటి వైర్ల లెక్క ఉంది. ఆ సభల్లో కొయ్యలెక్కి హారన్లు కట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మా వైపు పల్లెల్లో మొదట మోగింది పంచాయతీ రేడియో. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలయ్యాక సాయంత్రం పూట పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని వార్తలు, పొలం పనుల ముచ్చట్లు వినడం ఒక అలవాటైంది. ధనుర్మాసంలో తిరుప్పావై, కార్తీకంలో శివస్తోత్రాలు, సంబరాలకు సినిమా పాటలు ఆ తర్వాత హారన్ల వంతు. తుపాను పూట ఆటో మీద హారను కట్టుకుని వాడవాడలా తిరిగే మనిషి మాట ఇప్పటికీ ఫోనులో వచ్చే సందేశం కంటే ముందు మా వీధికి చేరుతుంది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను మా ఊరికి ఉత్తరాన 20 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. తుపాను రాత్రి కరెంటు ఉండదు. మాట వినిపించాలంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచే యాంప్లిఫయరే దిక్కు.

చిన్నప్పుడు నాకో సందేహం ఉండేది. మా వీధిలో తిరుప్పావై ఒకే పాశురం రెండు మూడుసార్లు, కొంచెం కొంచెం తేడాతో ఎందుకు వినిపిస్తుందని. వైరులో పాట రెప్పపాటులో అన్ని స్తంభాలకూ చేరుతుంది. స్తంభం నుంచి చెవికి వచ్చేటప్పుడు మాత్రం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లే నడుస్తుంది. దగ్గరి హారను నుంచి వెంటనే, వంద మీటర్ల అవతలి దాని నుంచి సెకనులో మూడోవంతు ఆలస్యంగా. ఇంట్లో ఈ బాధ ఉండదు. పది మీటర్ల తేడాకు వచ్చే ఆలస్యాన్ని చెవి పెద్దగా పట్టించుకోదు.

ఇంతకూ ఇంట్లో ఎక్కువ జతలు ఎందుకు? గట్టిగా వినిపించడానికైతే అనవసరం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లు, చెవికి అది 'కాస్త పెరిగినట్టుంది' అనిపించేంత. రెండింతలు గట్టిగా అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. అసలు ప్రయోజనం వేరే ఉంది. హాల్లో ఒక్క జతనే అరిపించి మేడ మీద దాకా వినిపించే బదులు, మనిషి ఉన్నచోటల్లా చిన్న గొంతుతో పాడించుకోవచ్చు. ఊళ్లో హారన్లు స్తంభానికి ఒకటి చొప్పున కట్టేదీ అందుకే. వినాయకుడి అనుపుకు లారీ నిండా డీజే బాక్సులు పేర్చి, దారిలో ఉన్నవాళ్ల గుండెలు అదరగొట్టేవాళ్లు ఆ పాత ఇంగితం మరిచిపోయారని నా అభిప్రాయం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. మేడ మీద పెట్టిన జత ఇంటిది కాదు, వీధిది అవుతుందని మనం గుర్తుంచుకోం.

చెవి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా ఊరికి పక్కనే, వంశధార ఒడ్డున కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో వాటి ఉనికిని లోకానికి తెలియజేసింది గిడుగు రామమూర్తి. మన్యంలోని సవర గిరిజనుల నోటి మాటను విని, పట్టుకుని, వ్యాకరణం రాసిన మనిషి ఆయన. ఆ మన్యం తిరుగుడులో మలేరియా తగులుకుంది, దానికి మింగిన క్వినైన్ వినికిడిని తినేసింది. శాలిహుండం మెట్లెక్కినప్పుడల్లా నాకు స్తూపాల కంటే ముందు ఆ చెవులు గుర్తొస్తాయి.

ఉప్పుగాలి

మళ్లీ మా వరండాకు వద్దాం. మావ పాత వైరు కొసలు చూపించి, "ఇది రాగేనా?" అన్నారు. ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. సముద్రం పక్కన ఇంట్లో ఒట్టిగా వదిలేసిన రాగి కొస ఎక్కువ కాలం రాగిలా ఉండదు. చిలుం కూడా ఒక అడ్డే. అది పాటను ఒకరోజు వదులుతుంది, ఒకరోజు పట్టి లాగుతుంది. కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి, తళతళలాడే తీగకు సీసం పూసి బిగించాలని, వానాకాలం పోయాక ఏటా ఒకసారి విప్పి చూసుకోవాలని చెప్పారు. స్పీకరు గరాటు అంచుకు నురగలాంటి ఫోము ఉన్న రకాలు తడిగాలికి పొడిపొడిగా రాలిపోతాయి. ఇక్కడివాళ్లు రబ్బరు అంచు ఉన్నవి చూసుకుంటే మేలు.

వైరు మందం కూడా చూసుకోవాలి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరును పది మీటర్లు లాగితే, పోను రాను కలిపి మూడోవంతు ఓము అడ్డు. ఎనిమిది ఓములకు ఇది లెక్కలోకి రాదు, నాలుగు ఓముల దగ్గర నూటికి ఎనిమిది వంతులు దారిలోనే పోతుంది. మేడ మీదికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. దానికి మించి, బంగారు పూత వైర్లని మీటరు వేల రూపాయలకు అమ్మేవి కొనేవాళ్ల ఉత్సాహానికి ఒక దండం.

తర్వాత మావ జేబులోంచి ఒకటిన్నర వోల్టు సెల్లు తీశారు. వరండా స్పీకరు కొసలకు దాన్ని అలా తాకించి వదిలితే గరాటు లోపలికి పోయింది. "సూసినావా, ఇది ఉల్టా. సెల్లు ప్లస్సు ఎర్ర కొసకి తగిలితే గరాటు బయటికి రావాల." ఒక జతలో ఒకటి బయటికి తోస్తుంటే ఇంకోటి లోపలికి లాగుతోంది, రెంటి మధ్యా మంద్రస్వరం చచ్చిపోతోంది. వరండాలో తబలా వినిపించడం లేదని నేను పొద్దున్నుంచి పాటనే తిట్టుకుంటున్నాను.

ఈ ప్రాంతంలో చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫులోనో సింగపూరులోనో ఉన్నారు, ఈమధ్య అమెరికాలోనూ. అక్కడి నుంచి యాంప్లిఫయరు మోసుకొచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త: అమెరికాది 120 వోల్టులది. మన 230కి నేరుగా పెడితే ఎన్ని జతలు కట్టాలన్న ప్రశ్నే మిగలదు. సరిపడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ముందు కొనాలి.

చివరికి మా ఇంటికి మావ చేసిన ఏర్పాటు ఇది. ఏ మీద హాలు జత, బీ మీద వరండా జత, రెండూ ఎనిమిది ఓములవే కాబట్టి కలిపి నాలుగు, హద్దు మీద నిలబడతాయి. అల్లిక గుడ్డ, పూలకుండీ తీసేసి పెట్టెకు పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలారు. మేడకు వేరే యాంప్లిఫయరు కావాలన్నారు. యాంప్లిఫయరు వెనక ప్రీ-అవుట్ అని ఒక జత చిల్లులుంటే అందులోంచి సన్న వైరు లాగి ఇంకో చిన్న యాంప్లిఫయరుకు పెడితే చాలు. మొదటిదాని మీద బరువేమీ పడదు. ఇళ్లల్లో మూడో జత గురించి నన్నడిగితే దీన్ని మించిన జవాబు లేదు. పాతసామాను కొట్టులో దొరికే చిన్న యాంప్లిఫయరు ఖరీదు, కాలిపోయిన పెద్దదాని రిపేరు ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.

సాయంత్రం దాకా ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి మూత మీద చెయ్యి పెట్టి చూశానో లెక్కలేదు. గోరువెచ్చగా ఉంది, అంతే. మావ డబ్బులు తీసుకోలేదు. పొంగడాలు మాత్రం పొట్లం కట్టించుకున్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మేడ మీద జత ఇప్పుడే పీకేయకు, కనుమ నాటికి మా గుంటడి దగ్గర పాత మిషనోటి ఉంది, పంపిస్తాను" అన్నారు.

కనుమ వెళ్లి రెండు నెలలైంది. మిషను ఇంకా రాలేదు. మేడ మీద ఎడమ స్పీకరు మీద పిల్లలు గాలిపటాల చరఖా పెట్టారు, కుడిదాని మీద అమ్మ వడియాల చేట ఎండబెట్టింది.